రిపోలో ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డ్‌లు: మొదటి ఫైల్ నుంచి టెర్రాఫామ్ స్టేట్ దాకా

ఒక టీమ్‌లో పనిచేసేటప్పుడు మా పాస్‌వర్డ్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి రిపోలో (కోడ్ ఉండే గిట్ రిపాజిటరీలో) పెట్టాం, ఎవరైనా పొరపాటున టోకెన్‌ని మామూలుగా రాసి పంపితే పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుని కలపమని పెట్టే అభ్యర్థన) ఆగిపోయేలా చెక్ కూడా పెట్టుకున్నాం, ఇక మన పని అయిపోయిందనుకున్నాం. కొన్ని నెలలకి, కొత్తగా చేరిన ఒకమ్మాయి ఏదో రిసోర్స్ ప్రతిసారీ ఎందుకు మారుతున్నట్టు చూపిస్తోందో తెలుసుకుందామని టెర్రాఫామ్ (సర్వర్లు, డేటాబేస్‌లు కోడ్‌తో తయారుచేసే టూల్) తను తయారుచేసినవాటి వివరాలు రాసుకునే స్టేట్ ఫైల్ తెరిచి, "ఇందులో ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ కనిపిస్తోందండీ, ఇలాగే ఉండాలా?" అని అడిగింది. ఆ స్టేట్ ఉన్న బకెట్‌ని (క్లౌడ్‌లో ఫైళ్ళు దాచే చోటుని) చదివే అనుమతి టీమ్‌లో అందరికీ ఉంది. ఆ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఒక్కొక్క పాస్‌వర్డే మార్చుకుంటూ వచ్చాం.

అందుకే ఎన్‌క్రిప్ట్ చేయడం ఎలాగో చెప్పేసి ఇక్కడ ఆపను. అది పది నిమిషాల పని. ఆ సీక్రెట్ (పాస్‌వర్డ్, టోకెన్, కీ ఏదైనా) ఎక్కడెక్కడ విప్పుకుంటుంది, విప్పుకున్నాక ఎక్కడ మిగిలిపోతుంది అనేది చూసుకోవడానికే అసలు టైమ్ పడుతుంది. ఉదాహరణలకి టెర్రాఫామ్, సాప్స్ (ఫైళ్ళలోని సీక్రెట్లని ఎన్‌క్రిప్ట్ చేసే టూల్) తీసుకుంటున్నాను. పులూమి, యాన్సిబుల్ లాంటి వేరే టూల్స్ వాడేవాళ్ళకి కమాండ్లు మారతాయి గానీ వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవే.

ముందు, ఆ సీక్రెట్ అవసరమే లేకుండా చేయొచ్చేమో చూడండి

మీ కోడ్‌లో ఉన్న సీక్రెట్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన "ఇది నా చేతిలో ఎందుకు ఉంది?" అని రాయండి. సగం దాకా కొట్టేయొచ్చు. క్లౌడ్‌లో నడిచే సర్వర్ అదే క్లౌడ్‌లోని స్టోరేజ్‌ని చదవడానికి యాక్సెస్ కీ అక్కర్లేదు, రోల్ (ఆ సర్వర్‌కే ఇచ్చే అనుమతుల కట్ట) ఇస్తే చాలు. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్‌లో మాస్టర్ పాస్‌వర్డ్‌ని ఆర్‌డీఎస్సే తయారుచేసి సీక్రెట్స్ మేనేజర్‌లో పెట్టుకునేలా టెర్రాఫామ్‌లో ఒక్క లైనుతో చెప్పొచ్చు, అప్పుడు ఆ పాస్‌వర్డ్ మీ కోడ్‌లోకీ రాదు, స్టేట్‌లోకీ రాదు. పైప్‌లైన్‌కి (కోడ్‌ని ఆటోమేటిక్‌గా పరీక్షించి అమలుచేసే ఏర్పాటుకి) క్లౌడ్‌లోకి వెళ్ళడానికి శాశ్వత కీ బదులు ఓఐడీసీ (కీ దాచుకోకుండా తనెవరో నిరూపించుకునే పద్ధతి) ద్వారా కాసేపే పనిచేసే టోకెన్ ఇవ్వొచ్చు. మిగిలేవి సాధారణంగా బయటి సర్వీసుల ఏపీఐ కీలు, వెబ్‌హుక్ టోకెన్లు, పాత డేటాబేస్‌ల పాస్‌వర్డ్‌లు. ఎన్‌క్రిప్ట్ చేయాల్సినవి అవే.

రిపోలో ఇప్పటికే ఏమున్నాయో వెతకండి

గిట్‌లీక్స్ లాంటి టూల్‌ని మొత్తం హిస్టరీ మీద నడపండి, ఇప్పుడున్న ఫైళ్ళ మీద ఒక్కటే నడిపితే సరిపోదు. ఏదైనా దొరికితే ముందు ఆ సీక్రెట్‌ని మార్చండి, హిస్టరీ శుభ్రం చేయడం తర్వాత సంగతి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, హిస్టరీని తిరగరాయడానికి రెండు రోజులు తిప్పలు పడతారు, ఈలోపు పాత కీ ఎవరో క్లోన్ చేసుకున్న కాపీలో బతికే ఉంటుంది. మార్చేసిన కీ హిస్టరీలో ఉన్నా దానితో ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంకో మాట, కుబెర్నెటీస్ (కంటైనర్లు నడిపే సిస్టమ్) సీక్రెట్ యామల్ ఫైల్‌లో కనిపించే బేస్64 ఎన్‌క్రిప్షన్ కాదు. ఏ కీ లేకుండా ఎవరైనా ఒక్క కమాండ్‌తో వెనక్కి తిప్పేస్తారు. వాటినీ ఈ లెక్కలో వేయండి.

కీ ఏది వాడాలో తేల్చుకోండి

సాప్స్ 2015లో మొజిల్లాలో మొదలైన టూల్, 2023 నుంచి సీఎన్‌సీఎఫ్ (క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్) కింద ఉంది. అది చేసే పని సూటిగా చెప్పాలంటే ఇది: ప్రతి ఫైల్‌కీ కొత్తగా ఒక డేటా కీ తయారుచేస్తుంది, ఆ డేటా కీతో మీ విలువల్ని ఏఈఎస్ 256తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఆ తర్వాత ఆ డేటా కీనే మీరు చెప్పిన ఒక్కొక్క మాస్టర్ కీతో విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసి అదే ఫైల్ అడుగున రాసిపెడుతుంది. అంటే ఇంటికి తాళం ఒకటే, ఆ తాళంచెవిని నాలుగు కాపీలు తీసి నలుగురి పెట్టెల్లో పెట్టి ఒక్కో పెట్టెకి వేరే తాళం వేసినట్టు. ఎవరి పెట్టె వాళ్ళు తెరిస్తే చాలు, ఫైల్ తెరుచుకుంటుంది.

ఆ మాస్టర్ కీ ఏడబ్ల్యూఎస్ కేఎంఎస్ (కీలని క్లౌడే దాచిపెట్టే సర్వీస్), గూగుల్ క్లౌడ్ కేఎంఎస్, అజూర్ కీ వాల్ట్, హాషికార్ప్ వాల్ట్, పీజీపీ, ఏజ్ (ఈ చివరి రెండూ కీ మీ దగ్గరే ఉండే ఎన్‌క్రిప్షన్ టూల్స్) వీటిలో ఏదైనా కావచ్చు. నా సలహా అడిగితే, రోజువారీకి కేఎంఎస్, అత్యవసరానికి ఒక ఏజ్ కీ. కేఎంఎస్‌లో కీ ఎవరి లాప్‌టాప్‌లోనూ ఉండదు, అనుమతి తీసేస్తే ఇక ఆ మనిషి కొత్తగా ఏదీ తెరవలేడు, పైగా ప్రతి డీక్రిప్ట్ కాల్ ఏడబ్ల్యూఎస్ లాగ్ అయిన క్లౌడ్‌ట్రెయిల్‌లో నమోదవుతుంది. అయితే ఆ లాగ్ ఎంతవరకు చెబుతుందో గుర్తుంచుకోండి: కేఎంఎస్‌ని అడిగేది డేటా కీ కోసం ఒక్కసారే, కాబట్టి ఫలానా టైమ్‌కి ఫలానా వాళ్ళు డేటా కీ విప్పారని తెలుస్తుంది గానీ లోపల ఏ పాస్‌వర్డ్ చూశారు, ఎక్కడ కాపీ చేసుకున్నారు అనేది తెలియదు.

డెవ్‌కి (డెవలప్‌మెంట్‌కి) ఒక కీ, ప్రొడక్షన్‌కి వేరే కీ. ఇందులో బేరం పెట్టుకోవద్దు.

రూల్స్ ఫైల్ రాసి, మొదటి ఫైల్ ఎన్‌క్రిప్ట్ చేయండి

రిపో మొదటి ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే సాప్స్ యామల్ ఫైల్ ఒకటి పెట్టండి. అందులో క్రియేషన్ రూల్స్ కింద, ఏ దారిలో ఉన్న ఫైల్‌కి ఏ కీలు వాడాలో వరసగా రాయాలి. పై నుంచి కిందకి చూసుకుంటూ వచ్చి మొదట సరిపోయిన రూల్ దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి "ఏ ఫైల్ అయినా" అనే రూల్‌ని పైన పెడితే మీ ప్రొడక్షన్ ఫైల్ డెవ్ కీతో ఎన్‌క్రిప్ట్ అయి కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు. నిర్దిష్టమైనవి పైన, మిగతావి కింద.

ఏజ్ కీ తయారీకి ఏజ్ కీజెన్ నడిపితే రెండు కీలు వస్తాయి, ఏజ్1 అని మొదలయ్యేది పబ్లిక్ కీ, దాన్ని రూల్స్ ఫైల్‌లో నిర్భయంగా రాయొచ్చు. పెద్దక్షరాల్లో ఏజ్ సీక్రెట్ కీ అని మొదలయ్యేది ఎవరికీ చూపించకూడనిది. సాప్స్ ఆ ప్రైవేట్ కీ కోసం లినక్స్‌లో మీ హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్ కింద వెతుకుతుంది, మ్యాక్‌లో మామూలుగా లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్‌లో వెతుకుతుంది. "నా దగ్గర కీ ఉంది కానీ తెరుచుకోవట్లేదు" అనే ప్రశ్నకి చాలాసార్లు జవాబు ఇదే.

ఇప్పుడు సాప్స్ ఎడిట్ అని కొత్త ఫైల్ పేరు ఇస్తే మీ ఎడిటర్ తెరుచుకుంటుంది, విలువలు రాసి సేవ్ చేస్తే ఎన్‌క్రిప్ట్ అయి డిస్క్ మీదకి వెళ్తుంది. ముందు మామూలు ఫైల్ రాసుకుని తర్వాత ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి వద్దు, ఆ మధ్యలో ఎవరో ఒకరు అలవాటుగా కమిట్ కొట్టేస్తారు. పాస్‌వర్డ్‌ని టెర్మినల్‌లో ఎకో కమాండ్‌తో ఇవ్వడమూ వద్దు, అది షెల్ హిస్టరీలో ఉండిపోతుంది.

ఎన్‌క్రిప్ట్ అయిన ఫైల్‌ని ఒకసారి మామూలుగా తెరిచి చూడండి. డీబీ పాస్‌వర్డ్ అనే పేరు అలాగే కనిపిస్తుంది, దాని విలువ ఉండాల్సిన చోట చదరపు బ్రాకెట్లలో వాడిన పద్ధతి పేరు, డేటా, ఐవీ, ట్యాగ్, టైప్ అని ఒక పొడుగాటి వరస ఉంటుంది. విలువ మాత్రమే దాగింది, పేరు దాగలేదు. కాబట్టి పేర్లలో గుట్టు పెట్టకండి, క్లయింట్ పేరో ఇంకా ప్రకటించని ప్రాడక్ట్ పేరో కీ పేరుగా రాస్తే అది అందరికీ చదవడానికే ఉంటుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు, ఆ డేటా భాగాన్ని బేస్64 నుంచి వెనక్కి తిప్పితే దాని పొడవు అసలు పాస్‌వర్డ్ పొడవుకి సమానం. ఆరు అక్షరాల పాస్‌వర్డ్ పెడితే అది ఆరు అక్షరాలే అని చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. ముప్ఫై రెండు అక్షరాలకి తక్కువ కాకుండా యాదృచ్ఛికంగా తయారుచేసినవే పెట్టండి.

రోజూ వాడేటప్పుడు ఎదురయ్యేవి

విలువలు మాత్రమే ఎన్‌క్రిప్ట్ అవుతాయి కాబట్టి రివ్యూలో ఏ పాస్‌వర్డ్ మారిందో కనిపిస్తుంది, ఏమని మారిందో కనిపించదు. మీ మెషీన్‌లో అసలు తేడా చూడాలంటే గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఈ ఫైళ్ళకి ఒక డిఫ్ పేరు ఇచ్చి, ఆ పేరుకి టెక్స్ట్‌కన్వ్‌గా (తేడా చూపించేముందు ఫైల్‌ని చదవగలిగేలా మార్చే కమాండ్‌గా) సాప్స్ డీక్రిప్ట్ పెట్టుకోండి.

మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ తప్పదు. ఫైల్ చివర మొత్తం విలువలకి కలిపి ఒక మ్యాక్ (విలువలు మారితే పట్టిచ్చే చిన్న కోడ్, ఇందాకటి మ్యాక్ కంప్యూటర్ కాదు), చివరిసారి మార్చిన సమయం ఉంటాయి, ఇద్దరు వేర్వేరు బ్రాంచిల్లో వేర్వేరు పాస్‌వర్డ్‌లు మార్చినా ఆ రెండు లైన్ల దగ్గర కొట్టుకుంటాయి. అప్పుడు చేత్తో లైన్లు అతికించకండి. అతికిస్తే మ్యాక్ కలవట్లేదని ఎర్రర్ వస్తుంది, ఇంటర్నెట్‌లో వెతికితే మ్యాక్‌ని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ దొరుకుతుంది, కంగారులో అది పెట్టేస్తారు, మెల్లగా అది స్క్రిప్ట్‌లోకి చేరి అక్కడే ఉండిపోతుంది. మీ ఫైల్‌ని ఎవరో మార్చారని చెప్పే కాపలా ఆ మ్యాక్. మెయిన్ బ్రాంచిలో ఉన్న ఫైల్‌ని పూర్తిగా తీసుకుని, మీ మార్పుని సాప్స్ ఎడిట్‌తో మళ్ళీ చేయండి, రెండు నిమిషాలు పట్టదు. ఒక విలువని కత్తిరించి వేరే పేరు కింద అతికించడం కూడా కుదరదు, ప్రతి విలువా తను ఉన్న చోటుతో ముడిపడి ఎన్‌క్రిప్ట్ అవుతుంది.

టెర్రాఫామ్‌కి ఎలా అందించాలి

రెండు దారులున్నాయి, నేను రెండోదే వాడమంటాను.

మొదటిది సాప్స్ ప్రొవైడర్ (టెర్రాఫామ్‌కి తగిలించే ప్లగిన్), డేటా సోర్స్‌గా (బయటి నుంచి విలువలు చదివే బ్లాక్‌గా) ఫైల్ పేరు ఇస్తే లోపలి విలువలన్నీ వాడుకోవచ్చు. చాలా సుఖంగా ఉంటుంది. చిక్కు ఏంటంటే డేటా సోర్స్ చదివిందంతా స్టేట్‌లోకి వెళ్తుంది, అంటే మీరు వాడుకున్న ఒక్క పాస్‌వర్డే కాదు, ఆ ఫైల్‌లో ఉన్న ఇరవై పాస్‌వర్డ్‌లూ విప్పిన రూపంలో స్టేట్ ఫైల్‌లో వచ్చి కూర్చుంటాయి. మొదట్లో చెప్పిన మా సంఘటన అలా జరిగిందే.

రెండోది సాప్స్ ఎగ్జెక్ ఎన్వ్. ఫైల్‌లో పేర్లు టెర్రాఫామ్ వేరియబుల్ పద్ధతిలో రాయాలి, ముందు పెద్దక్షరాల్లో టీఎఫ్, అండర్‌స్కోర్, వార్, మళ్ళీ అండర్‌స్కోర్, ఆపైన కోడ్‌లో మీరు ఇచ్చిన వేరియబుల్ పేరు ఉన్నదున్నట్టు. తర్వాత సాప్స్ ఎగ్జెక్ ఎన్వ్‌కి ఆ ఫైల్ పేరు, కోట్స్‌లో టెర్రాఫామ్ ప్లాన్ (ఏమేం మారతాయో ముందే చూపించే) కమాండ్ ఇస్తే, ఆ ఒక్క ప్రాసెస్ నడిచినంతసేపే విలువలు ఎన్విరాన్‌మెంట్‌లో ఉంటాయి, డిస్క్ మీద విప్పిన ఫైల్ ఏదీ పడదు. ఫైల్ చదునుగా ఉండాలి, ఒకదానిలో ఒకటి దూరిన యామల్ ఇందులో పనిచేయదు. వేరియబుల్ విలువ దానంతటది స్టేట్‌లోకి వెళ్ళదు, ఏ రిసోర్స్‌కి అందించారో అక్కడ మాత్రమే వెళ్తుంది. సమస్య పూర్తిగా పోలేదు, కానీ ఇరవై నుంచి ఒకటికి దిగింది.

స్టేట్ ఫైల్, ఇక్కడ మీ కళ్ళతో చూడండి

నా మాట నమ్మక్కర్లేదు, ఒక పరీక్ష చేయండి. డెవ్‌లో ఒక సీక్రెట్‌కి ఎక్కడా పొరపాటున కూడా దొరకని విలువ ఇవ్వండి, "నెమలికన్ను4471" లాంటిది ఇంగ్లీష్ అక్షరాల్లో. వేరియబుల్‌కి సెన్సిటివ్ అని పెట్టండి. అప్లై (మార్పుల్ని అమలు) చేయండి. తెర మీద సెన్సిటివ్ వాల్యూ అని మాత్రమే వస్తుంది, ఎంతో ధైర్యంగా ఉంటుంది. ఇప్పుడు టెర్రాఫామ్ స్టేట్ పుల్ అని కొట్టి, వచ్చినదాన్ని గ్రెప్‌కి పంపి ఆ మాట వెతకండి. అక్షరం పొల్లుపోకుండా దొరుకుతుంది. 2020 చివర్లో 0.14 వెర్షన్‌తో వేరియబుల్స్‌కి వచ్చిన ఆ సెన్సిటివ్ గుర్తు తెర మీద దాచడానికే, స్టేట్‌లో దాచడానికి కాదు. సేవ్ చేసిన ప్లాన్ ఫైల్‌లో కూడా అదే పరిస్థితి, దాన్ని పైప్‌లైన్‌లో ఆర్టిఫ్యాక్ట్‌గా పెట్టి నెలల తరబడి ఉంచే టీమ్‌లు ఉన్నాయి.

"మా బకెట్ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది కదా" అంటారు. ఉంటుంది, ఏడబ్ల్యూఎస్ స్టోరేజ్ ఎస్3లో 2023 జనవరి నుంచి కొత్త ఆబ్జెక్టులన్నీ వాటంతటవే ఎన్‌క్రిప్ట్ అవుతున్నాయి. కానీ చదివే అనుమతి ఉన్నవాళ్ళు అడిగితే ఎస్3 విప్పే ఇస్తుంది. మీకు కావాల్సింది డేటా సెంటర్‌లో డిస్క్ ఎత్తుకెళ్ళేవాడి నుంచి రక్షణ ఒక్కటే కాదు, అనుమతి ఉన్న పదిహేను మందిలో పద్నాలుగు మందికి ఆ పాస్‌వర్డ్ అక్కర్లేదన్నది అసలు విషయం.

ఏం చేయాలంటే, టెర్రాఫామ్ వాడుతుంటే 1.11కి రండి. 2024లో వచ్చిన 1.10లో ఎఫెమెరల్ విలువలు (స్టేట్‌లో, ప్లాన్‌లో రాయకుండా నడిచినంతసేపే ఉండేవి) వచ్చాయి, 2025లో వచ్చిన 1.11లో రైట్ ఓన్లీ ఆర్గ్యుమెంట్లు వచ్చాయి. వేరియబుల్‌ని ఎఫెమెరల్‌గా పెట్టి, ఆర్‌డీఎస్ రిసోర్స్‌లో పాస్‌వర్డ్ బదులు పేరు చివర డబ్ల్యూఓ ఉన్న ఆర్గ్యుమెంట్ వాడితే ఆ విలువ క్లౌడ్‌కి వెళ్తుంది గానీ స్టేట్‌లో, ప్లాన్‌లో రాయదు. ఒక్కటి గమనించండి, విలువ ఎక్కడా దాచుకోదు కాబట్టి మీరు పాస్‌వర్డ్ మార్చినా టెర్రాఫామ్‌కి తెలియదు, పక్కనే ఉండే వెర్షన్ నంబర్‌ని 1 నుంచి 2 చేస్తేనే కొత్తది పంపుతుంది. పాస్‌వర్డ్ మార్చాం, అప్లై కూడా చేశాం, ఇంకా పాతదే పనిచేస్తోందని తల పట్టుకోకండి. ఓపెన్‌టోఫు (టెర్రాఫామ్ నుంచి విడిపోయిన ఓపెన్ సోర్స్ టూల్) వాడేవాళ్ళకి ఇంకా సులువు, 2024లో వచ్చిన 1.7 నుంచి స్టేట్‌నీ ప్లాన్‌నీ మొత్తంగా ఎన్‌క్రిప్ట్ చేయొచ్చు, కీ కేఎంఎస్‌లో పెట్టుకోవచ్చు.

ఈ రెండూ ఇప్పుడే కుదరకపోతే, స్టేట్ బకెట్‌ని పాస్‌వర్డ్‌ల పెట్టెలాగే చూడండి, పైప్‌లైన్ రోల్ తప్ప మనుషులెవరికీ చదివే అనుమతి ఉంచకండి. బకెట్‌లో పాత వెర్షన్లు కూడా దాస్తుంటే వాటిలోనూ పాత పాస్‌వర్డ్‌లు ఉంటాయి. సర్వర్ యూజర్ డేటా స్క్రిప్ట్‌లో (సర్వర్ మొదటిసారి లేచినప్పుడు నడిచేదానిలో) మాత్రం పాస్‌వర్డ్ ఎప్పుడూ రాయొద్దు, ఆ మెషీన్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా మెటాడేటా అడ్రస్ 169.254.169.254ని అడిగి దాన్ని తెచ్చుకోగలదు.

పైప్‌లైన్

పైప్‌లైన్‌కి ఓఐడీసీ ద్వారా రోల్ ఇచ్చి, కేఎంఎస్ వరకు ఆ రోల్‌కి ఆ ఒక్క కీ మీద డీక్రిప్ట్ అనుమతి మాత్రమే ఇవ్వండి. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది వేరే ఉంది, పుల్ రిక్వెస్ట్ పెట్టగానే ప్లాన్ నడిపే ఏర్పాటు. ప్లాన్ నడవాలంటే సీక్రెట్లు విప్పాలి, నడిచేది పుల్ రిక్వెస్ట్‌లో ఉన్న కోడ్, అంటే ఆ బ్రాంచిలో కోడ్ మార్చగలిగిన ఎవరైనా ఒక ఎక్స్‌టర్నల్ డేటా సోర్స్ (ప్లాన్ సమయంలోనే బయటి ప్రోగ్రామ్‌ని నడిపేది) రాసి ఆ సీక్రెట్‌ని బయటికి పంపేయగలరు, రివ్యూ మొదలవ్వకముందే. పుల్ రిక్వెస్ట్ ప్లాన్‌కి ప్రొడక్షన్ కీ ఇవ్వకండి. లేదంటే ఒకరు చూసి సరే అన్నాకే ప్లాన్ నడిచేలా పెట్టండి. లాగ్‌లో పాస్‌వర్డ్ కనిపిస్తే చుక్కలు పెట్టే సదుపాయం మీద ఆధారపడొద్దు, అది అచ్చంగా అదే వరస ఉంటేనే పడుతుంది, బేస్64 చేస్తే దాటేస్తుంది.

మనిషి టీమ్ వదిలి వెళ్ళినప్పుడు

రూల్స్ ఫైల్‌లో అతని కీ తీసేసి, ప్రతి ఫైల్ మీదా సాప్స్ అప్‌డేట్‌కీస్ నడుపుతారు. దీనివల్ల డేటా కీ మారదు, అతని పెట్టెలో ఉన్న కాపీ మాత్రమే పోతుంది. తర్వాత సాప్స్ రొటేట్ నడిపితే డేటా కీ కొత్తదవుతుంది. ఇంతవరకు చాలామంది వస్తారు, ఇక్కడితో ఆగిపోతారు.

ఆగకండి. నిన్నటి కమిట్‌లో ఆ ఫైల్ అతని కీకి తెరుచుకునే రూపంలోనే ఉంది, అతని దగ్గర రిపో క్లోన్ ఉంటే, ఏజ్ కీ ఉంటే, ఇంట్లో కూర్చుని పాత కమిట్ తెరిచి అన్నీ చదువుకోవచ్చు. ఆ మనిషి మంచివాడే కావచ్చు, కానీ అతని పాత లాప్‌టాప్ ఎవరి చేతికి వెళ్తుందో అతనికీ తెలియదు. కాబట్టి అతనికి తెరుచుకున్న ఫైళ్ళలోని అసలు పాస్‌వర్డ్‌లు మార్చాలి, డేటాబేస్‌లో కొత్తది పెట్టాలి, ఏపీఐ కీ కొత్తది తీసుకుని పాతది రద్దు చేయాలి. కేఎంఎస్ అయితే అనుమతి తీసేశాక పాత కమిట్లు కూడా తెరుచుకోవు, అతను ముందే విప్పి దాచుకున్నవి మాత్రం అలాగే ఉంటాయి. ఏ సీక్రెట్ ఎక్కడ మార్చాలి, మార్చాక ఏ సర్వీస్ రీస్టార్ట్ చేయాలి అని ఒక్కొక్కదానికి రెండు లైన్లు ఇప్పుడే రాసిపెట్టుకోండి. మొదట్లో కాగితం మీద రాసిన లిస్ట్ ఉంది కదా, దాని పక్కనే.

కీ పోతే

కేఎంఎస్ కీని డిలీట్‌కి పెడితే ఏడబ్ల్యూఎస్ వెంటనే తీసేయదు, 7 నుంచి 30 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు రద్దు చేసుకోవచ్చు. గడువు దాటితే మాత్రం ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చేసింది తిరిగి రాదు, ఎవరిని బతిమాలినా ప్రయోజనం లేదు. ఎవరైనా కీని డిలీట్‌కి పెట్టగానే టీమ్ మొత్తానికి మెసేజ్ వచ్చేలా అలారం పెట్టండి. అత్యవసరానికి ఏజ్ కీ అని ముందు చెప్పింది ఇందుకే. ఆ ప్రైవేట్ కీ ఒక్క లైనే, కాగితం మీద ప్రింట్ తీసి కవర్‌లో పెట్టి లాకర్‌లో ఉంచండి.

ఉంచి వదిలేయకండి. ఆరు నెలలకోసారి కేఎంఎస్ అనుమతులు లేని ఒక ఖాళీ మెషీన్ తీసుకుని, రిపో క్లోన్ చేసి, కవర్‌లోని కీని చూస్తూ టైప్ చేసి ప్రొడక్షన్ ఫైల్ తెరవండి. తెరుచుకోకపోతే, ఆ మధ్య కొత్తగా చేర్చిన ఏదో ఫైల్‌కి రూల్స్‌లో ఈ ఏజ్ కీ రాయడం మర్చిపోయి ఉంటారు, రూల్ సరిచేసి అప్‌డేట్‌కీస్ నడపండి. తెరుచుకుంటే ఆ మెషీన్‌ని పూర్తిగా తుడిచేసి, కాగితాన్ని కొత్త కవర్‌లో పెట్టి అంటించి, కవర్ మీద ఆ రోజు తేదీ వేయండి.